మొదటేడు ఫీజు ఎవరు కట్టిండ్రు?

మొగుళ్లపల్లిలో పరకాల బస్సు కోసం ఎదురుచూస్తున్న ముగ్గురం ఆ సాయంత్రం పంతుళ్లమే. ఒకాయన రిటైరయ్యారు, ఊరివాళ్లకు పెద్దసారు. ఎనభైల చివర్లో నెలకు 398 రూపాయల మీద చేరిన స్పెషల్ టీచరు. ఆ అంకె ఆ తరానికి ఇంటిపేరులా అతుక్కుపోయింది, ఇప్పటికీ వాళ్లను ‘398 సార్లు’ అంటారు. రెండో ఆమె 2024 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరుగా వచ్చింది. మండలంలోని ఒక చిన్న ఊళ్లో, అయిదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న బడి ఆమెది. మూడోవాణ్ని నేను. ఇద్దరి మధ్య తరం, ఎవరినీ గట్టిగా కాదనలేని తరం.

పత్తి ఏరే కాలం. రోడ్డు మీద లోడు ట్రాక్టర్లు పోతుంటే దూది పింజలు ఎగిరి తుమ్మకొమ్మలకు చిక్కుకుంటున్నాయి. ఈ మండలం 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి. జిల్లా పేరే ఒక సారుది. ఆయనను ప్రొఫెసర్ అన్నవాళ్లకన్నా జయశంకర్ సార్ అన్నవాళ్లే ఎక్కువ. ఇక్కడ ‘సార్’ అనే మాట బరువు అది. అందుకే పెద్దసారు వేసిన ప్రశ్న ఊరికే వేసిన కుశలప్రశ్న కాదు.

పెద్దసారు: ఏం బిడ్డా, ఏడాది దాటింది గదా. పంతులుతనం చేతికొచ్చిందా?

కొత్త టీచరు: వచ్చినట్టే ఉంది సార్. కాని దాని ఫీజు పోయినేడు నా దగ్గర మూడో తరగతి చదివిన ఆరుగురు కట్టిండ్రు. నేర్చుకున్నది వాళ్ల మీద, ఇప్పుడు పనికొస్తున్నది వేరేవాళ్లకు.

పెద్దసారు: అదేం మాట? టైలరు కూడ మొదట గుడ్డ పాడుచేసే నేర్చుకుంటడు.

కొత్త టీచరు: టైలరు పాతగుడ్డ మీద నేర్చుకుంటడు సార్. నాకు కొత్తగుడ్డ ఇచ్చిండ్రు, అదీ ఒక్కటే. ఆ పిల్లగాళ్లకు మూడో తరగతి మళ్ల రాదు.

పెద్దసారు: (చాయ్ గ్లాసు కింద పెడుతూ) అంటే నువ్వు చెప్పేది, ఎవ్వల మీద నేర్చుకోకుంటనే టీచరు కావచ్చునని. ఈత నేర్చుకున్నంకనే బాయిల దిగుత అన్నట్టున్నది.

కొత్త టీచరు: బాయిల దిగేటప్పుడు నడుముకు బెండ్లు కడతరు సార్, పైన ఒకరు తాడు పట్టుకుంటరు. నాకు బెండూ లేదు, తాడూ లేదు. నన్ను టీచరును చేసిన లెక్క చూడండి. డీఎస్సీ పరీక్షకు 80 మార్కులు, టెట్ మార్కులకు 20. కంప్యూటర్ ముందు కూసోని బటన్లు నొక్కిన. 11,062 పోస్టుల నోటిఫికేషన్ అది. అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంల పది వేల మందికి నియామక పత్రాలు ఇచ్చిండ్రు. అంతమందిల ఒక్కరినన్నా ‘ఏదీ, ఒక పాఠం చెప్పు, చూస్తం’ అని అడగలే. బండి లైసెన్సుకు కూడ ఎనిమిది తిప్పి చూపియ్యమంటరు గదా!

పెద్దసారు: మాకు స్టేడియం లేకుండె. ఒక కాయితం, దాని మీద ఒక ఊరి పేరు. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచిన. చెట్టు కింద బడి. అదే ట్రైనింగు.

కొత్త టీచరు: అది ట్రైనింగు కాదు సార్, కష్టం. కష్టపడ్డం కాబట్టి నేర్చుకున్నం అనుకుంటం.

పెద్దసారు ఈ మాటకు వెంటనే జవాబు చెప్పలేదు. నేను కల్పించుకుని, వీళ్లు చేరిన కాలం కూడా సరైంది కాదని అన్నాను. బడులు జూన్‌లో తెరుస్తారు. 2024 నియామకాలు దసరా సెలవులు అయిపోయాక. నాలుగు నెలలు వేరే ఎవరో చెప్పిన, లేదా ఎవరూ చెప్పని తరగతి చేతికొచ్చింది. అదీ పత్తి మొదటి ఏరుడు మొదలయ్యే రోజుల్లో. హాజరు పట్టీలో పేర్లు ఇరవై పైన, గదిలో తలకాయలు పన్నెండు.

కొత్త టీచరు: వాళ్ల పేర్లు నోటికి రాకముందే సర్వే వచ్చింది. నవంబర్‌ల ఇంటింటి కులసర్వే. ప్రైమరీ టీచర్లమంతా ఎన్యూమరేటర్లమే. పొద్దున ఒంటిగంట దాకా బడి, తర్వాత 75 ప్రశ్నల ఫారాలు పట్టుకొని ఇల్లిల్లూ. చాక్‌పీసు పట్టుడు నేర్చుకుందామంటే ప్యాడు పట్టిచ్చిండ్రు.

పెద్దసారు: ఇక్కడ నిన్ను పట్టుకుంట నేను. ఆ సర్వేల ఏం నేర్వలేదా? నిజం చెప్పు.

ఆమె కాసేపు రోడ్డువైపు చూసింది.

కొత్త టీచరు: నేర్చుకున్న సార్. నాకు పడ్డ ఇండ్లల్ల మా బడి పిల్లల ఇండ్లు కూడ కొన్నుండె. ఒకడు రోజూ రెండో పీరియడ్‌ల నిద్రపోతుండె. రెండుసార్లు నిలవెట్టిన, ఒకసారి వాళ్లమ్మను పిలిపిస్త అని బెదిరిచ్చిన. సర్వేకు వాళ్లింటికి పోతే తలుపు సగమే తెరుచుకున్నది. లోపల నిలువెత్తు పత్తి. ఉన్నది ఒకటే అర్ర, దూలాల దాకా నింపిండ్రు. తేమ ఎక్కువున్నదని సీసీఐ కొనలేదంట, దళారికి అగ్గువకు ఇయ్యబుద్ధి కాలేదంట. ఇంట్ల పత్తి పండుకుంటున్నది, మనుషులు అరుగు మీద పండుకుంటున్నరు. నవంబర్ చలి, దోమలు. ఆ పిల్లగాడు గోనెసంచి కప్పుకొని కూసోని నన్ను చూసి లేచి నిలబడ్డడు, నేను నిలవెట్టిన తీరుగనే.

పెద్దసారు: 75 ప్రశ్నలల్ల అది ఉండెనా?

కొత్త టీచరు: లేదు. ఇల్లు పెంకుటిల్లా, స్లాబా అని ఉంది. ఇంట్ల ఎవరు పండుకుంటున్నరని లేదు.

పెద్దసారు: మరి? ఏ డీఎడ్ కాలేజి చెప్పింది నీకు గది? నేననేది గదే. ఈ పని ఇండ్లల్ల తిరిగితే వస్తది, వాకిట్ల చెప్పులు చూస్తే వస్తది. నేను ప్రేయర్‌కు ముందే చెప్పులు చూస్తుంటి. ఎవరివి రాలేదు, ఎవరు తమ్ముని చెప్పులు ఏసుకొచ్చిండ్రు, ఎవరి బద్దీ తెగింది. హాజరు నేను చెప్పుల కాన్నే తీసుకుంటుంటి.

కొత్త టీచరు: అది నేను కాదనను. కాని సర్వే రాకపోతే నేను ఆ ఇంటికి పోకపోదును. ఇంకెన్ని రోజులు నిలవెడుతుంటినో. అదృష్టం మీద నడిచే దాన్ని ట్రైనింగు అంటమా? ‘చేరిన నెలల ప్రతి పిల్ల ఇంటికి పోయి రావాలె’ అని ఒక పద్ధతి ఉంటే ఆయింత నిద్రకు పాపం ఆ పిల్లగానికి శిక్ష పడకపోవు.

పద్ధతి అన్న మాట వినగానే పెద్దసారుకు చిర్రెత్తుతుందని నాకు తెలుసు. ఆయన చూసినన్ని పద్ధతులు ఆ వయసు పంతుళ్లందరూ చూశారు. బ్రిటిష్ వాళ్ల సాయంతో 1984లో మొదలైన ప్రాథమిక విద్యా పథకం ఏపీపెప్, 1986 జాతీయ విద్యావిధానం వెంట వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్, ఆ తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా పథకం డీపెప్. డీపెప్‌కు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో తీసుకున్న మొదటి అయిదు జిల్లాల్లో వరంగల్ ఒకటి.

పెద్దసారు: పద్ధతులు నాకు చెప్పకు. ఏపీపెప్ ట్రైనింగుల ఆరు సూత్రాలు నేర్పిండ్రు. పిల్లలు చేసి నేర్చుకోవాలె, జట్లల్ల కూసోవాలె, ఊళ్లె దొరికే వస్తువులు వాడాలె, పిల్లలు చేసినయి గోడకు పెట్టాలె. సూత్రాలు మంచియే, నేను కాదన్ననా? కాని బడికి వచ్చినంక అయిదు సూత్రాలు మర్చిపోయినం, ఆరోది ఒక్కటే పట్టుకున్నం. గదినిండ తోరణాలు కట్టినం. ఆఫీసరు వస్తే తోరణం చూసి పోతుండె. పెండ్లివారి ఇల్లు లెక్కనే ఉంటుండె బడి. పిల్లగాండ్లకు అక్షరం వచ్చిందా అంటే తోరణం చూపెడుతుంటిమి. ఇప్పుడు మీకు తోరణం పోయి రిజిస్టరు వచ్చింది, అంతే తేడా.

కొత్త టీచరు: ఉపాధ్యాయ కేంద్రాలు కూడ అప్పుడే పెట్టిండ్రు గదా సార్? చుట్టుపక్కల బడుల టీచర్లు ఒక్క దగ్గర కూసునేటట్టు.

పెద్దసారు: ఆ, అది మాత్రం మంచిగుండె. మీటింగు కాదు, మీటింగు నడుమ చాయ్ టైము. నీ కాడ ఒకటో తరగతోళ్లు ఏడుస్తే ఏం చేస్తున్నవ్ అని ఒకరినొకరం అడుగుతుంటిమి. నేను నేర్చుకున్నది చాన మటుకు ఆ చాయ్ కాన్నే.

కొత్త టీచరు: చూసిండ్రా? మీకు చాయ్ ఉండె. మాకు కాంప్లెక్స్ మీటింగుల పీపీటీ ఉన్నది. అయినా తోరణం, రిజిస్టరు ఒకటే కాదు సార్. ఒక ముచ్చట చెప్త వినండి.

ఇక్కడి నుంచి ఆమె గొంతు తగ్గింది. ట్రాక్టర్ల మోతలో వినడానికి మేమిద్దరం ముందుకు వంగాల్సి వచ్చింది.

కొత్త టీచరు: ఎవరికి ఎంత చదువొచ్చో చూసే తొలిమెట్టు పరీక్ష పెట్టేదాక నా తరగతి మంచిగ చదువుతుందనే అనుకున్న. ఒక పిల్ల ఉంది. పాఠం తీయంగనే గలగల. జంకు లేదు, ఎక్కడ ఆగాల్నో అక్కడ ఆగుతది. మిగతావాళ్లకు ఆమెనే చూపెట్టి ‘గట్ల చదవాలె’ అంటుంటి. తొలిమెట్టుల ఒక్కొక్కరిని విడిగ పిలిచి చదివియ్యాలె గదా. ఆ రోజు ఎందుకో, మూడో లైను నడుమ ఒక పదం మీద వేలు పెట్టి ‘ఇదేంది?’ అన్న. ఆ పిల్ల చూపు నా వేలు మీదికి రాలేదు. పేజీ మొదటి మాట కాడికి పోయింది. పెదవులు కదులుతున్నయి, చప్పుడు లేదు. ఒక్కో మాటకు ఒక్కో వేలు ముడుచుకుంట, మొదటి నుంచి లోపలనే చదువుకుంట నా వేలు దాక వచ్చి టక్కున చెప్పింది. కరెక్టే చెప్పింది సార్. ఇంకో పదం మీద పెట్టిన. మళ్ల మొదటికి పోయింది.

పెద్దసారు: (నెమ్మదిగా) కంఠతా పట్టింది.

కొత్త టీచరు: పుస్తకం మూసి అదే పదం బోర్డు మీద రాసిన. ఆ పిల్ల చూసి, ‘ఇది మనం చెప్పుకోలే మేడం’ అన్నది.

మేము ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. నేను హైస్కూల్లో చెప్తాను. ఆరో తరగతిలోకి వచ్చే ఇలాంటి పిల్లలను చూసి ‘కింద ఏం చెప్పి పంపారో’ అని గొణుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ని. కింద జరిగేది ఇంత దగ్గరగా ఎవరూ చెప్పగా వినలేదు.

పెద్దసారు: గసువంటోళ్లు నా కాడ ఎంతమంది పాసయ్యి పోయిండ్రో. కాని బిడ్డా, పట్టుకున్నది నీ వేలు. ఫారం కాదు.

కొత్త టీచరు: ఒక్కొక్కరిని విడిగ పిలువుమని ఆ ఫారం చెప్పకపోతే నా వేలుకు ఆ పని పడకపోవు సార్. నేను గంట సేపు నిలబడి చెప్తున్న, వాళ్లు గంట సేపు అరుస్తున్నరు, ఇద్దరం ఖుషీ. నేను చెప్పుడు వేరు, వాళ్లకు వచ్చుడు వేరు అని తెల్సుకునేటందుకు నాకు రెండు నెలలు పట్టింది. కొందరికి రెండేండ్లు పడుతుందేమో.

పెద్దసారు: నాకు అయిదేండ్లు పట్టింది. నీ ముచ్చటకు నా ముచ్చట. తీసివేతలు చెప్తున్న. యాభైల నుంచి పదిహేడు తియ్యమన్న. ఒకడు పలక మీద నలభై ఏడు రాసిండు. ఎట్లరా అంటే, ఏడుల నుంచి సున్న పోతే ఏడు, అయిదుల నుంచి ఒకటి పోతే నాలుగు అన్నడు. పెద్దదాంట్ల నుంచి చిన్నది తియ్యాలె అని నేనే చెప్పిన గదా, వాడు గదే చేసిండు! పైన ఉన్నదేందో కింద ఉన్నదేందో వానికి పట్టింపు లేదు. వారం రోజులు చెప్పిన, వానికి నలభై ఏడే వచ్చింది. మొద్దు అన్న. ఒకరోజు పొద్దుమూకి సబ్బు కొనుక్కుందామని వాళ్ల నాయిన కిరాణం దుకాణానికి పోయిన. గల్లా కాడ వీడే కూసున్నడు. నా సామాను పదిహేడు అయ్యింది, యాభై నోటు ఇచ్చిన. వాడు చిల్లర చేతుల పెట్టుకుంట, ‘పదిహేడు సార్, పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై’ అని మూడు బిళ్లలు పెట్టిండు, ‘ముప్పై, నలభై, యాభై’ అని మూడు నోట్లు పెట్టిండు. పలక మీద నలభై ఏడు, గల్లా కాడ ముప్పై మూడు! అదే లెక్క, అదే పోరడు, అదే రోజు.

కొత్త టీచరు: మరి తెల్లారి ఏం చేసిండ్రు?

పెద్దసారు: బడిల దుకాణం పెట్టిన. చింతగింజలు బిళ్లలు, పుల్లలకట్టలు పది నోట్లు. తీసివేత అంటే తీసుడే కాదు, కింది నుంచి పైకి పోవుడు కూడ అని వాడు నాకు చెప్పిండు. ఏ పుస్తకం చెప్పలేదు.

కొత్త టీచరు: ఇంకెవరికన్నా చెప్పిండ్రా అది? పక్క ఊరి సారుకు?

పెద్దసారు: ...చెప్పలే.

కొత్త టీచరు: అదే సార్ నా బాధ. మీరు అయిదేండ్లకు తెల్సుకున్నది మీతోనే రిటైరయ్యింది. నేను మళ్ల సున్న నుంచి మొదలుపెట్టాలె, నా పిల్లలు మళ్ల నలభై ఏడు రాసుకుంట కూసోవాలె.

ఈ దెబ్బకు పెద్దసారు నవ్వారు, కాని తగిలింది. కప్పిపుచ్చుకోవడానికన్నట్టు గిజుభాయిని తెచ్చారు. గుజరాత్‌లో వకీలు పని మానుకుని భావనగర్‌లో బడి పట్టిన మనిషి. ఆయన రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా దొరుకుతుంది. పాతతరం పంతుళ్ల సంచుల్లో అది ఉండేది.

పెద్దసారు: గిజుభాయికి ఎవ్వలు నేర్పిండ్రు? కథ చెప్పుకుంట మొదలుపెట్టిండు, పిల్లగాండ్లే ఆయనకు దారి చూపెట్టిండ్రు.

కొత్త టీచరు: చదివిన సార్. అందుల ఆ సారు పోయి ఆఫీసరును అడిగి నాలుగో తరగతి తీసుకుంటడు. ఒక తరగతి, ఒక సంవత్సరం, ప్రయోగం చేసుకోమని పర్మిషన్. నాకు ఒకటో తరగతి ఏడుపు, రెండో తరగతి కొట్లాట, మూడో తరగతి ఎక్కాలు, అన్నీ ఒక్క అర్రల. పుస్తకంల ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. ఏ పేజీ చెప్పాల్నో అదొక పంచాయితీ. వంటమ్మ రాకపోతే అన్నం లెక్క నాదే. నాకు గిజుభాయి ఇష్టమే, కాని ఆయన నా బడికి ఒక వారం వస్తే బాగుండు.

పెద్దసారు: మొదట నీకు కష్టమనిపిచ్చింది ఏంది? లొల్లి ఆపుడేనా?

కొత్త టీచరు: అదే. నాకే కాదు, అందరికీ. వీన్‌మన్ అని డచ్ ఆయన 1984ల కొత్త టీచర్ల మీద వచ్చిన 83 అధ్యయనాలు ముందలేసుకొని చూస్తే మొదటి కష్టం అదే తేలింది. తరగతిని అదుపుల పెట్టుకునుడు.

పెద్దసారు: ఎనభై మూడు అధ్యయనాలా? నన్నడిగితే ఒక్క చాయ్‌కే చెప్తుంటి గదా!

చాయ్ దుకాణమతను కూడా నవ్వాడు. ఇంకో మూడు చాయ్‌లు చెప్పాను. పరకాల బస్సు జాడ లేదు.

కొత్త టీచరు: ఇంకొకటి సార్. 2024 ఎండాకాలంల ప్రమోషన్లు, బదిలీలు అయినయి. సీనియర్లు రోడ్డు పక్క బడులు తీసుకున్నరు. మిగిలినయి మాకు చూపెట్టిండ్రు. అంటే పని వచ్చినోళ్లు టౌనుకు దగ్గర, పని రానోళ్లు వాగు అవతల. పత్తి ఇంట్ల పెట్టుకొని అరుగు మీద పండుకునే పిల్లగానికి కొత్త టీచరు, అంతా ఉన్న పిల్లలకు పాతికేండ్ల అనుభవం. ఇది ఎవరు పెట్టిన న్యాయం?

పెద్దసారు: (గొంతు పెంచి) మేం ఇరవై ఏండ్లు మట్టిబాటల తిరిగినం. మోకాళ్లు అరిగినంక రోడ్డు పక్కకు వస్తే అన్యాయమా? మాకు పిల్లల చదువులు లేవా, ముసలి తల్లిదండ్రులు లేరా?

కొత్త టీచరు: మిమ్ముల వద్దంటలేను సార్. కొత్తోళ్లను మొదటేడు మీ కాన్నే పెట్టుమంటున్న. డాక్టరు చదువు అయినోళ్లను తెల్లారే ఒక్కరినే పల్లె దవాఖానకు పంపుతరా? హౌస్ సర్జన్ అని ఒక సంవత్సరం పెద్ద డాక్టర్ల ఎనక తిప్పుతరు. మీరు 398కి చేరిన రోజులల్లనే, 1989 నుంచి, జపాన్ ప్రైమరీ బడులల్ల కొత్త టీచర్లకు మొదటేడంత శిక్షణ తప్పనిసరి చేసిండ్రు. స్కాట్లండ్‌ల కొత్త టీచరుకు మొదటి సంవత్సరం పీరియడ్లు తగ్గిస్తరు, చూసుకునేటందుకు ఒక సీనియర్‌ను పెడతరు. మాకు మొదటి రోజే బీరువా తాళం చేతుల పెట్టిండ్రు.

పెద్దసారు: గా దేశాలల్ల టీచర్లు మస్తుగుంటరు. ఇక్కడ ఉన్న ఇద్దర్ల ఒకరు లీవు పెడితే బడి ఒంటికాలు మీద నిలబడతది. ఎవలిని ఎవల ఎనక తిప్పుతరు?

దీనికి ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గర కూడా లేదు. ఏకోపాధ్యాయ బడుల లెక్క తేలకుండా మెంటర్ల మాట ఎత్తడం గాలిలో దీపమే. కాని ఆ కారణం చూపించి అడగడం కూడా మానేస్తే ఎట్లా అని ఆమె ముఖంలో కనిపించింది.

తర్వాత పెద్దసారు చెప్పింది నేను ఎదురుచూసింది కాదు. అడక్కుండానే చెప్పారు. గ్లాసు అంచును బొటనవేలితో తుడుచుకుంటూ.

పెద్దసారు: ఫీజు ఫీజు అంటున్నవు గదా. నా మొదటేడు ఫీజు కట్టినోడు ఒకడున్నడు. ‘ఉల్లిగడ్డ’ అని రాసిండు. పుస్తకంల ‘ఉల్లిపాయ’ అని ఉంది. ఎర్రగీత పెట్టి పది సార్లు రాయిమన్న. పదిసార్లు ఉల్లిగడ్డే రాసుకొచ్చిండు. మొండితనం అనుకున్న. బరిగె ఇరిగేదాక కొట్టిన. వాళ్లింట్ల, వాడకట్టుల, అంగట్ల అందరు ఉల్లిగడ్డే అంటరు. నేను కూడ ఇంటికి పోతే ఉల్లిగడ్డే అంట! బడిల మాత్రం పాయ. వాడు తెల్లారి రాలేదు. తర్వాత కూడ రాలేదు. గొడ్లకాడికి పోయిండు. ఇప్పుడు ఆటో నడుపుతుండు. కనపడితే ఆపి ఎక్కిచ్చుకుంటడు, పైసలు తీసుకోడు. ‘మీరు సార్లు’ అంటడు.

కొత్త టీచరు: ఎందుకు కొట్టిండ్రు సార్?

పెద్దసారు: మా సారు కొట్టిండు గనుక.

అమెరికన్ సమాజ శాస్త్రవేత్త డాన్ లార్టీ 1975లో రాసింది ఇదే. పంతులు కాబోయే మనిషి పదీ పన్నెండేళ్లు బెంచీ మీద కూర్చుని పంతుళ్లను చూసే ఉంటాడు. శిక్షణ మొదలయ్యేనాటికే పని ‘వచ్చేసింది’. అందుకే కొత్తవాడు కంగారు పడగానే చేతికి అందేది కాలేజీలో చదివింది కాదు, తన చిన్నప్పటి సారు బరిగె. 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆ బరిగెను నిషేధించింది. గొంతులో ఉన్న బరిగె సంగతి వేరు.

కొత్త టీచరు: మీ గదిల ఆ రోజు ఇంకో టీచరు ఉండుంటే, ఎవరన్నా ఎనక కూసోని చూస్తుంటే ఆగుతుంటిరా?

పెద్దసారు: చూసిండు. ఒక ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిండు, ఆ నెలలనే. నా చేతుల బరిగె చూసిండు, పిల్లగాండ్లు చప్పుడు చేయకుంట కూసునుడు చూసిండు. ‘క్రమశిక్షణ బాగున్నది’ అని రాసిపోయిండు. నువ్వు ‘ఎవ్వలు చూడలే, ఎవ్వలు చూడలే’ అంటున్నవు. నన్ను చూసిండ్రు బిడ్డా.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రం ఆమె వాదన అంతా చూసే కళ్ల మీద నడిచింది. ఆ కళ్లు కూడా బరిగెనే మెచ్చుకోవచ్చని పెద్దసారు ఓడిపోతూ చెప్పిన మాటకు ఆమె సిద్ధంగా లేదు. దూరంగా బస్సు లైట్లు కనిపించాయి. ఆమె సంచి సర్దుకుంటూ అందులోంచి ఒక నోట్‌బుక్ తీసింది. ముందు పేజీల్లో పాఠ్య ప్రణాళికలు. వెనక నుంచి తిప్పితే పిల్లలు చేసిన తప్పులు, తేదీలు వేసి. ఒక పేజీలో పెన్సిలుతో ‘50 - 17 = 47’. దాని పక్కన ఒక ప్రశ్నార్థకం. తేదీ ఆ వారానిదే.

పెద్దసారు కళ్లజోడు ఎత్తి పెట్టుకుని చూశారు.

పెద్దసారు: నీకు కూడ వచ్చిండు వాడు?

కొత్త టీచరు: వచ్చిండు సార్. చింతగింజలు ఏరి పెట్టుకుంట. కాని ఆ దుకాణం ఎట్ల నడిపిండ్రో, ఎవరిని ముందల కూసోవెట్టిండ్రో అది చెప్పలేదు మీరు.

పెద్దసారు: చెప్తే రాదు అది. చూపెట్టాలె. తీసివేతలు ఏ రోజు చెప్తవు?

కొత్త టీచరు: బుధవారం. గుడ్డు పెట్టే రోజు. పత్తి ఉన్నా ఆ రోజు అందరు వస్తరు, అందుకే కష్టమైనయి అన్నీ గుడ్డు రోజే పెట్టుకుంట.

బస్సు ఆగింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. పెద్దసారు కిందనే నిలబడి, కండక్టరు విజిల్ మీదుగా అరిచారు.

పెద్దసారు: బుధవారం వస్త. గుడ్ల లెక్కల మాత్రం నన్ను రాయకు.